నాలుగు లాడాలు

మాయమ్మకు గుర్రమంటే ఎంత ఇష్టమో
ఒక లెక్కలో చెప్తా.
నాకు చెప్పులు లేని ఏడు
సుక్కికి నాలుగు లాడాలు.

అడిగితే,
"నువ్వు రాయిని సూసి నడుస్తావు మే,
అది నా మాటిని నడుస్తాది" అనింది,
దాని డెక్క ఒళ్ళో పెట్టుకోని
ఇరుక్కున్న కంకర ఏరుతా.
నా కాళ్ళు ఎప్పుడూ ఆ ఒళ్ళోకి పోలేదని
చానా ఏండ్లు కోపముండేది నాకు.

గుంతకల్లు స్టేషను బయట
జట్కాల వరసలో ఏడోది మాది.
నాయన పోయి పదకొండు దినాలైనంక
కుళ్ళాయమ్మ కొంగు బొడ్లో దోపి
నొగల మీద కూచుంటే
వరస వరసంతా నవ్వింది.
ఆడమనిషి పగ్గాలు పడితే బండి యాడికి పోతాదో అని.
"సుక్కినడగండి,
అది వద్దంటే దిగుతా."
సుక్కి ఏమీ అనలేదు.
లద్దె వేసి, కదిలింది.

శనివారాలు కసాపురం దావ.
సిందూరం బొట్లతో తిరిగొచ్చే పిల్లోళ్ళకు
ఒక ఫర్లాంగు దూరం పగ్గాలు అప్పిచ్చేది.
చెర్నాకోల ఉండేది గానీ
దాని కట్టెను చక్రం ఆకుల్లో పెట్టి
టకటకలాడించడానికే.
"దెబ్బ ఎందుకు మే, సప్పుడు చాలు.
ఒగోసారి సప్పుడు కూడా ఎక్కువే."

రాత్రి బొంబాయి మెయిలు లేటయితే
ఇద్దరూ నిలబడే కునికేవాళ్ళు
ఒకరి మెడ మీద ఒకరు.

ఇంట్లో పెద్ద చట్టిలో ఉలవలు ఉడికేవి.
గింజ దానికి,
కట్టు మాకు.
ఇంత చింతపండు, రెండు ఎండు మిరపకాయలు పడితే
అదే చారు.
దాని మిగులు తాగి పెరిగినాం మేం ముగ్గురం.
ఇప్పుడు పెండ్లిళ్ళలో ఆ చారునే
మీగడేసి చిన్న గిన్నెల్లో పోస్తాండారు.
మాయమ్మ ఒకసారి గిన్నెలోకి తొంగి చూసి
వడ్డించే పిల్లోన్ని అడిగింది
"గుర్రం యాడుంది నాయనా?"

ఆటోలొచ్చినాయి.
ఏడు నాలుగయి, నాలుగు ఒకటయింది.
ఆ ఒకదానికీ కండ్లకు పొర కమ్మింది.
అమ్మేయమన్నారు.
ఎవరికని అడగలేదు మాయమ్మ.
రోజూ పొద్దున్నే దాని పెదివి పైకెత్తి
వేపపుల్లతో రుద్దేది, నురగ తుడిచేది.
వీధిన పోయేవాళ్ళకు
సామెత ఎదురుగా నిలబడి కనిపించింది.
"గుడ్డిగుర్రానికి పండ్లు తోముతాండావా కుళ్ళాయమ్మా?"
"ఔ. నీకూ తోమల్నా?"

ఆరేండ్లు బతికింది సుక్కి, ఒక్క గొంతును పట్టుకోని.
పోయిన్నాడు మాయమ్మ ఏడవలేదు.
లాడాలు పీకి, మన్ను తుడిచి, వెలుతుర్లో తిప్పి చూసి
"ఇంకా దావ మిగిలుంది వీటికి" అనింది.

నా బిడ్డ చందనకు మాత్రం
అవ్వంటే స్కూటీ వెనక సీటు.
ఎత్తు ఎక్కేటప్పుడు నాలికతో ట్చ్ ట్చ్ మనేది అవ్వ,
రైల్వే గేటు కాడ "హో... హో."
"అవ్వా, దీనికి చెవుల్లేవు."
"అయితే నువ్వు ఇను."
ఆ పిల్ల ఇప్పటికీ గేటు పడితే
స్కూటీ తలకాయ నిమురుతాది.
ఎవరన్నా చూస్తే అద్దం తుడుస్తున్నట్టు చేస్తాది.

మాయమ్మ ఆషాఢంలో పోయింది.
ఇది అంతకు రెండు నెల్ల ముందు సంగతి.
ఆపరేషన్ చేసినా కండ్లు పలకలేదు.
మంచం మీద కూచోబెట్టి, గడ్డం పట్టుకోని
పండ్లు తోముతాంటే
నురగ నోటితోనే నవ్వడం మొదలుపెట్టింది.
ఎంతకూ ఆపదు.
"ఏంది మా?"
"సామెత మే... సామెత నీకొచ్చింది."
నేనూ నవ్వినా. మగ్గులో నీళ్ళు చాప మీద ఒలికినాయి.

నవ్వు తగ్గినంక
తడుముకుంటా నా పాదం పట్టుకోని
ఒళ్ళో పెట్టుకునింది.
బొటనేలితో అరికాలంతా వెదికింది.
"ఏం లేదు మా, ముల్లూ లేదు, రాయీ లేదు."
"ఉండు ఉండు," అనింది,
"కదలాకు."